బొట్టు చెరగని సిలిండర్

"సాయంత్రం అయిదింటికి ఈ అమ్మాయిని మేజిస్ట్రేటు గారి ముందు హాజరు పెడుతున్నానండీ. ఈలోగా మీరు చూసుకోవాల్సింది ఏవన్నా ఉంటే నిదానంగా చూసుకోండి," అన్నాడు సీఐ అమరేశ్వరరావు.

పెళ్ళి ముహూర్తం చెబుతున్నంత మర్యాదగా చెప్పాడు. ఏలూరు వైపు మర్యాదలో ఉన్న సుఖం అదే. పీక మీద కత్తి పెట్టినా చివర ఒక అండీ తగిలిస్తారు.

జ్ఞానప్రసూనాంబ గడియారం చూసుకుంది. పన్నెండు దాటింది. ముప్పయ్యేళ్ళు ఫోరెన్సిక్ ల్యాబులో రక్తపు మరకలూ విషాలూ పరీక్షించి, రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఏలూరు పవర్‌పేటలో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. అమరేశ్వరరావు బిగించిన కేసులు రెండింటిని ఇప్పటికే విప్పి అవతల పారేసింది. మూడోసారి ఆ అవకాశం ఇవ్వకూడదని ఆయన పంతం. ఆ పంతం కింద నలుగుతున్నది మాత్రం తేజశ్రీ.

ఆ పిల్ల గోడవారగా స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. పాతికేళ్ళు నిండని ముఖంలో ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు.

జరిగింది ఇదీ. కైకలూరు రోడ్డులో, చేపల చెరువుల మధ్య, సారస ఫైన్ కెమికల్స్ అనే చిన్న పరిశోధనశాల ఉంది. భాస్వరాన్ని కర్బనంతో ముడివేసి, మందుల కంపెనీలకి కావలసిన పదార్థాలు తయారు చెయ్యడం అక్కడి పని. ఆ రెండూ తమంతట తాము ఒక పట్టాన కలవవు. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్యలాంటి లోహం ఒకటి ఉండాలి. ఇద్దరినీ కలిపి తను పక్కకి తప్పుకుంటుంది, దాన్నే క్యాటలిస్ట్ అంటారు. ఇన్నాళ్ళూ ఆ పేరయ్య పని పల్లేడియం చేసేది, దాని ధర వింటే కళ్ళు తిరుగుతాయి. అదే పని మామూలు ఇనుముతో చేయించగలిగానని సారసలో పెద్ద సైంటిస్టు డాక్టర్ నిత్యానందం ప్రకటించాడు. ఆ పద్ధతి కొనుక్కోవడానికి హైదరాబాదు కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. మంగళవారం పదకొండింటికి వచ్చి కళ్ళారా చూస్తామంది.

ఆ మంగళవారం ఎనిమిది కాకుండానే నిత్యానందం ఒంటరిగా వచ్చి ప్రయోగం మొదలుపెట్టాడు. గుప్పున మంట లేచింది. అప్పుడే బస్సు దిగి లోపలికి వస్తున్న తేజశ్రీ మంటల్లోంచి ఆయన్ని బయటికి లాగి, మంటలార్పే పొడి చల్లింది. ఇవాళ బుధవారం. ఆయన ఏలూరు ఆస్పత్రిలో, లోపలిదాకా కాలిన ఊపిరితిత్తులతో, నోట మాట లేకుండా పడి ఉన్నాడు.

సీఐ కట్టిన కేసు చాలా సూటిగా ఉంది. వాళ్ళు వాడే భాస్వరపు ద్రవానికి గాలి తగిలితే మండిపోయే గుణం ఉంది. అందుకని గొట్టాల్లోనూ గాజు ఫ్లాస్కులోనూ నైట్రోజన్ నింపి, ఆ చాటున పని చెయ్యాలి. ముందురోజు సాయంత్రం ఆ గొట్టాలు బిగించింది తేజశ్రీ. పేటెంటులో తన పేరు లేదని అంతకుముందు వారమే సార్‌తో గొడవపడింది. కావాలని గొట్టం వదులుగా వదిలేసి, తర్వాత రక్షించినట్టు నటించింది. కాబట్టి హత్యాయత్నం.

ప్రసూనాంబని ఈ కేసులోకి పిలిచింది నిత్యానందం భార్య సుబ్బలక్ష్మి. ఫోనులో ఆవిడ అడిగింది ఒక్కటే. "మా ఆయన్ని కాల్చాలనుకున్న పిల్లయితే, మంటల్లో చేతులు పెట్టి ఆయన్నెందుకు లాగుతుందండీ?" ఆ ప్రశ్న ప్రసూనాంబ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు అందరూ ఉన్న ఈ సారస ల్యాబులో రెండో సైంటిస్టు చరణ్‌తేజ. వెళ్ళాలని తొందరపడుతున్నాడు కాబట్టి ముందు అతన్నే కూర్చోబెట్టింది. ముప్పయ్యేళ్ళవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో పెన్ను, మెత్తటి మాట. పెద్ద పని ఏదన్నా ఉంటే ముందురోజు పరికరాలకి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకోవడం తమ ల్యాబు ఆనవాయితీ అన్నాడు. సోమవారం సాయంత్రం ఆ పూజ అయ్యాక తేజశ్రీ గొట్టాలు బిగించి రైలుకి వెళ్ళిపోయింది, ఆరింటికి తను తాళం వేశాడు. మర్నాడు ఫోనందుకుని వచ్చేసరికి ఆంబులెన్స్ కదులుతోంది, తేజశ్రీ అందులో ఎక్కి వెళ్ళిపోయింది.

"పోలీసులు వచ్చింది తొమ్మిదిన్నరకి కదా. అందాకా ఇక్కడెవరున్నారు బాబూ?" అని అడిగింది ప్రసూనాంబ.

"నేనొక్కణ్ణేనండీ. అందరం ఆస్పత్రికి పరిగెడితే ల్యాబు ఎవరు చూసుకుంటారు చెప్పండి."

"ఈ అమ్మాయి కావాలని చేసిందంటారా?"

"అంత మాట నేననలేనండీ. మంచి పిల్లే. కాకపోతే పేటెంటు విషయంలో బాగా మనసు కష్టపెట్టుకుంది. చేతుల్లో కుదురు కూడా కాస్త తక్కువ."

పొగుడుతూనే గొయ్యి తవ్వడం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది ప్రసూనాంబ. అతని పెన్ను అడిగి తీసుకుని, పాత కవరు వెనకాల గది నక్షా గీసి, ఏది ఎక్కడ ఉండేదో చెప్పించుకుంది. అయ్యాక పెన్నుని తనే అతని జేబులో పెట్టింది, ఇంట్లో కుర్రాడి జేబులో పెట్టినట్టు. ఆమె గాజులకి ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి కొత్తది, ఒకటి నోరు సరిగ్గా మూసుకోని పాతది. జేబు దగ్గర చెయ్యి చిన్నగా లాగినట్టయింది. చొక్కా దారానికి పిన్నీసు తగులుకుందేమోలే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

చరణ్‌తేజ లేచాడు. రెండింటికి సార్‌ని విజయవాడ మారుస్తున్నారనీ, సుబ్బలక్ష్మి గారు ఒక్కరే ఉన్నారనీ, ఆంబులెన్స్ మాట్లాడింది తనే కాబట్టి వెంట వెళ్ళాలనీ చెప్పాడు. శుక్రవారం కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తున్నారట, పని నచ్చితే తనకి అక్కడ పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారట. ఈసారి ప్రయోగం తనే చేసి చూపిస్తాడట, సార్ కల నెరవేరాలి కదా అన్నాడు. కళ్ళు తుడుచుకుని మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"బంగారంలాంటి కుర్రాడండీ," అన్నాడు అమరేశ్వరరావు.

ప్రసూనాంబ స్టూలు లాక్కుని తేజశ్రీ ఎదురుగా కూర్చుంది. ఆ పిల్లది తాడేపల్లిగూడెం, వాళ్ళ నాన్న ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారి. భాస్వరపు ద్రవం కుళ్ళిన వెల్లుల్లి కంపు కొడుతుంది, కొత్తగా చేరినవాళ్ళు వారం తిరక్కుండా పారిపోతారు. ఈ పిల్ల మాత్రం ఉల్లిపాయల బస్తాల మధ్య పెరిగినదాన్ని నాకిదేం లెక్క అని మూడేళ్ళు నిలబడింది. ఆ సంగతి చెప్పి నిత్యానందం ఇంట్లో మురిసిపోయేవాడని సుబ్బలక్ష్మి చెప్పింది.

"మీ సార్ నీతో చివరగా ఏం మాట్లాడారమ్మా?"

"సోమవారం రైల్లో ఉండగా ఫోన్ చేశారండీ. భీమడోలు దగ్గర. రేపు నల్ల బీడ్ వద్దు, కొత్తది వేస్తాను, ఎక్కడున్నాయి అని అడిగారు. నాకు ఆశ్చర్యం వేసింది."

"నల్ల బీడ్ అంటే?"

ఫ్లాస్కులో ద్రవాన్ని తిప్పడానికి వేసే చిన్న అయస్కాంతపు ముక్క అని తేజశ్రీ చెప్పింది. చింతగింజంత ఉంటుంది, మీద తెల్లటి టెఫ్లాన్ తొడుగు. కింద యంత్రం తిరిగితే లోపల ఇది తిరుగుతుంది. సారసలో ఒక బీడ్ పాతబడి, గీతలు పడి, నల్లగా మారిపోయింది. ఇనుముతో ప్రయోగం మొట్టమొదటిసారి ఫలించింది ఆ బీడ్‌తోనే. అప్పట్నుంచీ అది అచ్చొచ్చిందని సార్‌కి ఒక నమ్మకం. ముఖ్యమైన ప్రయోగం ఏది చేసినా అదే వెయ్యాలి. ఇంకొకటి వేస్తే ఊరుకునేవాడు కాదు, దానికి కూడా బొట్టు పెట్టించేవాడు.

ప్రసూనాంబ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇనుము మొదలుపెట్టకముందు ఆ బీడ్ ఏ ప్రయోగాల్లో వాడారు?"

"పల్లేడియంవేనండీ. అప్పుడు అన్నీ..."

మాట మధ్యలో ఆగిపోయింది. తేజశ్రీ ముఖంలో రంగు మెల్లమెల్లగా దిగిపోవడం ప్రసూనాంబ చూసింది. తెలివైన పిల్ల, చెప్పకుండానే అర్థమైపోయింది.

టెఫ్లాన్ మీది గీతల్లో పల్లేడియం దూరి కూర్చుంటే ఎంత కడిగినా పూర్తిగా పోదు. పిసరంత మిగిలినా చాలు, తన పని తను చేసుకుపోతుంది. మూడేళ్ళుగా ఆ ఫ్లాస్కులో పెళ్ళి కుదిర్చింది పల్లేడియం, పేరు మాత్రం ఇనుముకి వచ్చింది. ఇందులో మోసం లేదు, అచ్చొచ్చిన వస్తువుని వదులుకోలేని మనుషుల అమాయకత్వం తప్ప. నిత్యానందానికి ఎక్కడో అనుమానం తగిలి ఉంటుంది. కంపెనీవాళ్ళు రాకముందే కొత్త బీడ్‌తో ఒంటరిగా పరీక్షించి, పని జరక్కపోతే నిజం వాళ్ళ ముఖానే చెప్పేద్దామని పొద్దున్నే వచ్చాడు.

"మూడేళ్ళండీ," అంది తేజశ్రీ. అరెస్టు మాట విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఓదార్చడానికి ప్రసూనాంబకి టైము లేదు.

"కొత్త బీడ్ సంగతి ఇంకెవరికన్నా చెప్పావా?"

"చరణ్‌తేజ గారికండీ. కొత్తవి ఏ అరలో ఉన్నాయో ఆయనకే తెలుసు. వెంటనే ఫోన్ చేసి అడిగి, సార్‌కి చెప్పాను."

ప్రసూనాంబ లేచి ఫ్యూమ్ హుడ్ దగ్గరికి వెళ్ళింది. పొగలూ కంపులూ పైకి లాగేసే గాజు తలుపుల బీరువా అది. అద్దాలు పగిలి, లోపలంతా మసి. మసి మీద తెల్లటి పొడి. చిమటాతో ఫ్లాస్కు ముక్కలు తప్పించి, అడుగున ఉన్న బీడ్‌ని పైకి తీసింది. మసి తుడిస్తే తెల్లగా, గీత కూడా లేకుండా బయటపడింది. నల్లది ఆ గదిలో ఎక్కడా లేదు. అది ఎప్పుడూ ఉండే చిన్న డబ్బా ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ఆమె దృష్టి గొట్టం మీద పడింది.

"అమరేశ్వరరావు గారూ, ఈ రబ్బరు గొట్టం చూశారా?"

"చూశానండీ. కాలింది," అన్నాడాయన ఫోను లోంచి తలెత్తకుండా.

"ఎటునుంచి కాలింది?"

ఆయన దగ్గరికొచ్చాడు. గొట్టం పైన బొబ్బలెక్కిందే గాని నల్లబడలేదు. ప్రసూనాంబ బ్లేడుతో కోసి విప్పి చూపించింది. లోపలంతా బొగ్గు. ఫ్లాస్కు దగ్గర్నుంచి మూడు వంతులు అలాగే ఉంది. మంట గొట్టంలోకి దూరి, సిలిండర్ వైపు ప్రయాణం చేసింది.

"గొట్టం వదులుగా ఉండి గాలి తగిలితే ఫ్లాస్కు దగ్గర అంటుకుంటుంది. గొట్టంలో నైట్రోజన్ ఉంటే మంట అందులో అడుగు కూడా పెట్టలేదు. దాన్లో అసలు నిప్పు బతకదు. ఇందులోంచి వచ్చింది ఆక్సిజన్."

"మాటవరసకి అలా అనుకుందామండీ. కానీ ఆ సిలిండర్ నేను దగ్గరుండి పరీక్ష చేయించాను. అచ్చమైన నైట్రోజన్. మీ సైన్సు మీద నాకు గౌరవమే, కానీ కోర్టుకి సిలిండర్ కావాలి కదండీ."

"అదే సిలిండర్ గురించి మాట్లాడుకుందాం రండి."

గది మూల గోడకి గొలుసుతో కట్టి నిలబెట్టి ఉంది అది. బూడిద రంగు ఒళ్ళు, నల్ల మెడ, నైట్రోజన్‌కి ఉండాల్సిన రంగులే. మెడ కింద పసుపు, మధ్యలో గుండ్రటి కుంకుమ బొట్టు. ప్రసూనాంబ ఆ మూలంతా ఒకసారి కలియజూసింది. తేజశ్రీ చల్లిన పొడి వెనక గోడ మీద ఉంది, గొలుసు మీద ఉంది, పక్కనున్న బల్ల మీదా డ్రమ్ము మీదా పిండి జల్లెడ పట్టినట్టు ఉంది. సిలిండర్ మీద మాత్రం చిటికెడు లేదు.

"ఎవరో తుడిచి ఉంటారండీ," అన్నాడు సీఐ.

"తుడిస్తే బొట్టు ఉంటుందా?"

అమరేశ్వరరావు వంగి బొట్టుని దగ్గర్నుంచి చూశాడు.

"సోమవారం సాయంత్రం బొట్టు పెట్టిన సిలిండర్ ఇదే. సందేహం లేదు. కానీ మంగళవారం మంట లేచినప్పుడు ఇది ఇక్కడ లేదు. ఇంకోటి నిలబడి ఉంది. ఆ రాత్రి దీన్ని తీసి దాన్ని పెట్టారు, మంటలారాక దాన్ని తీసి దీన్ని పెట్టారు. కింద చూడండి." నేల మీద పొడిలో గుండ్రటి ఖాళీ జాడ ఉంది. ఇప్పుడున్న సిలిండర్ ఆ జాడని పూర్తిగా కప్పలేదు, ఒక పక్క నెలవంకలా మిగిలిపోయింది.

"ఆ మార్చిందేదో ఈ అమ్మాయే మార్చి ఉండొచ్చు కదండీ."

"ఆ చేతులతోనా? మంటలారిన దగ్గర్నుంచి మీవాళ్ళు వచ్చేదాకా తను ఆస్పత్రిలో ఉంది. అది మీరు రాసుకున్న స్టేట్‌మెంటే. అంతసేపూ ఇక్కడ ఒంటరిగా ఉన్నది ఎవరో మీ బంగారంలాంటి కుర్రాడే చెప్పాడు."

"మేడమ్, ఒక చదువుకున్న పిల్లాడి మీద..." అని ఆగి, గొంతు తగ్గించాడు. "మీకు నా మీద కోపం ఉంటే నన్నే అనండి. అతని మీద రుజువేం ఉందండీ?"

"మీ మీద కోపం పెట్టుకునేంత తీరిక నాకు లేదండీ. ఆ గొలుసు మీద పెయింటు చూడండి."

గొలుసు రింగులకి బూడిద రంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. సరిగ్గా ఆరని పెయింటు ఉన్న సిలిండర్‌ని దానికి కట్టారన్నమాట. ఆమె చెప్పదలుచుకున్నది సీఐకి అర్థమైంది. ఇష్టం లేకపోయినా కానిస్టేబుల్ వెంకట్రాజుని కేకేశాడు.

వెనక తలుపు దగ్గర్నుంచి తడిమట్టిలో ఒక వంకర గాడి కనబడింది. సిలిండర్‌ని నిలువునా వంచి, అడుగు అంచు మీద దొర్లించుకుంటూ పోతే అలాంటి గాడే పడుతుంది. అది చేపల చెరువు గట్టు మీదికి వెళ్ళి ఆగింది. అక్కడ నీళ్ళ మీద గుర్రపుడెక్క చిరిగి ఉంది. వెంకట్రాజు మొలలోతు దిగి, కాలితో వెతికి, తాడు వేశాడు. ముగ్గురు పట్టి లాగితే బూడిద రంగు సిలిండర్ ఒకటి పాకుతూ ఒడ్డుకొచ్చింది. గదిలో దానికంటే చుట్టుకొలత కాస్త ఎక్కువ.

రంగు గీకి చూద్దామని ప్రసూనాంబ అలవాటుగా గాజుల మీద చెయ్యి వేసింది. పిన్నీసు ఒకటే తగిలింది. నోరు మూసుకోని పాతది లేదు.

ఉన్నదాంతోనే గీకింది. బూడిద రంగు కింద నలుపు. మెడ దగ్గర నలుపు గీకితే తెలుపు. నల్ల ఒళ్ళు, తెల్ల మెడ అంటే ఆక్సిజన్. కొల్లేరు చుట్టుపక్కల దాన్ని వెతుక్కోవాల్సిన పని లేదు. పాలిథిన్ సంచుల్లో చేపపిల్లల్ని ప్యాక్ చేసి పంపే ప్రతి సెంటర్‌లోనూ నాలుగైదు ఉంటాయి.

"చరణ్‌తేజవాళ్ళకి చేపపిల్లల సెంటర్ ఉందా?" అని అడిగింది.

"ఉందండీ," అన్నాడు అమరేశ్వరరావు. ఈసారి ఆ అండీలో పదును లేదు. "వాళ్ళ నాన్నది. ఇక్కడికి దగ్గరే."

ఆమె ఇంకా గాజుల వంకే చూస్తోంది. పొద్దున్న బయల్దేరేటప్పుడు రెండూ ఉన్నాయి. చెయ్యి లాగినట్టు అనిపించింది ఒక్కచోటే. దారం పిన్నీసుని పట్టుకోగలదు గాని, తనవైపు లాక్కోలేదు. లాక్కునేది అయస్కాంతం.

"నల్ల బీడ్ అతని జేబులో ఉంది," అంది. "కొత్త బీడ్ మాట వినగానే సార్ నిజం బయటపెట్టేస్తారని అతనికి అర్థమైంది, అందుకే సిలిండర్ మార్చాడు. శుక్రవారం నల్ల బీడ్ లేకపోతే ప్రయోగం నడవదు, ఆ కంపెనీలో అతని కోసం ఎదురుచూస్తున్న పెద్ద కుర్చీ పోతుంది. ల్యాబుకి మీరు సీలు వేశారు, అందుకని ఒంటి మీదే పెట్టుకు తిరుగుతున్నాడు. నా పిన్నీసు దానికి అతుక్కుపోయింది."

అమరేశ్వరరావు వెంకట్రాజుతో, ఆ అమ్మాయికి కాస్త టీ తెప్పించమన్నాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఆయనకి అంతవరకే చేతనవును.

కేసు తేలిపోయినట్టే ఉంది. కానీ జెనరేటర్ షెడ్డు వెనక్కి వెళ్ళిన ప్రసూనాంబ అక్కడే నిలబడిపోయింది. సిలిండర్‌కి రంగు వేసిన చోటు అదే. ఇటుకల మీద బూడిద రంగు చుక్కలు ఎండి పెళుసెక్కి ఉన్నాయి. వాటి పక్కనే వేరే చుక్కలు కూడా ఉన్నాయి, కొన్ని నలుపు, కొన్ని తెలుపు. వేలు పెడితే జిగురుగా అంటింది. రాత్రి వేసిన రంగు.

"ఆక్సిజన్ సిలిండర్‌కి మళ్ళీ పాత రంగు వేసి వాళ్ళ సెంటర్‌లో పెట్టేద్దామని అయ్యుంటుందండీ," అన్నాడు వెనకాలే వచ్చిన సీఐ.

"ఆ సిలిండర్ ఇంకా బూడిద రంగులోనే ఉంది కదండీ. మీవాళ్ళు చెరువులోంచి ఇప్పుడే తీశారు. మరి రాత్రి నలుపూ తెలుపూ దేనికి వేశాడు?"

షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డ తేజశ్రీ లోపలికి తొంగి చూస్తోంది. "ఇక్కడ నైట్రోజన్ స్పేర్ సిలిండర్ ఒకటి ఉండాలండీ," అంది. "నిండుది. కనబడటం లేదు."

ఆ మాటతో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నైట్రోజన్ సిలిండర్‌కి ఆక్సిజన్ రంగులు. దాని అవసరం ఎక్కడ వస్తుంది? ఆక్సిజన్ పెట్టుకుని బతుకుతున్న మనిషి దగ్గర. ఆ మనిషి నోరు విప్పితే కొత్త బీడ్ సంగతీ బయటికొస్తుంది, తేజశ్రీ కూడా కేసులోంచి బయటపడుతుంది.

అమరేశ్వరరావు ముఖం పాలిపోయింది. "ఆంబులెన్స్‌లో ఉన్న సిలిండర్ విజయవాడ దాకా చాలదేమోనని, వాళ్ళ సెంటర్ నుంచి ఒకటి తెస్తానని పొద్దున్న నాతో అన్నాడండీ. ఎంత మంచివాడో అనుకున్నాను."

టైము రెండున్నర దాటింది. ప్రసూనాంబ సుబ్బలక్ష్మి నంబరు నొక్కుతూనే జీపువైపు పరిగెత్తింది. అరవయ్యేళ్ళ మనిషి అలా పరిగెత్తడం వెంకట్రాజు చూడటం అదే మొదటిసారి. తేజశ్రీని ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు, వచ్చి ఎక్కేసింది. జీపు రోడ్డెక్కేలోగా సీఐ కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, పొట్టిపాడు టోల్‌గేటు దగ్గర ఆంబులెన్స్‌ని ఆపించమని చెప్పేశాడు.

అవతల ఫోను ఎత్తారు. ప్రసూనాంబ స్పీకర్ నొక్కింది. సైరను మోతలో సుబ్బలక్ష్మి గొంతు సన్నగా వినిపించింది. హనుమాన్ జంక్షన్ దాటారట. ఆంబులెన్స్‌లో ఉన్నది అయిపోవచ్చిందట. చరణ్‌తేజ బాబు తను తెచ్చింది తగిలిస్తున్నాడట.

"సుబ్బలక్ష్మి గారూ, నేను చెప్పేది విని పైకి ఏమీ అనకండి. ఆ సిలిండర్‌లో ఆక్సిజన్ లేదు. అది పెడితే ఆయన ఊపిరి ఆగిపోతుంది. మాస్కు లాగెయ్యండి. ఉత్త గాలి చాలు."

"తీస్తే ఎగశ్వాస పడుతున్నారండీ..." అందావిడ.

"ఆ పిల్ల చేతుల్ని నమ్మి నన్ను పిలిచారు మీరు. ఇప్పుడూ వాటినే నమ్మండి. లాగెయ్యండి."

అవతల ఏదో గలాటా అయింది. బట్టలు రాసుకున్న చప్పుడు, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. "చెయ్యి వదులు నాన్నా," అంటోంది సుబ్బలక్ష్మి, అన్నం దగ్గర మారాం చేసే పిల్లాడితో అన్నట్టు. మళ్ళీ అదే మాట గట్టిగా అంది. ఫోను కిందపడింది. కానీ లైను తెగలేదు.

ముగ్గురూ ఫోను మీదికి వంగారు. అప్పుడు లోపలెక్కడో, గొంతు చీరుకున్నట్టు ఒక దగ్గు వినిపించింది. ఆ వెనకే ఇంకొకటి.

"సార్ దగ్గండీ," అంది తేజశ్రీ. కట్టు కట్టిన చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ప్రసూనాంబ ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసింది. అమరేశ్వరరావు కళ్ళు మూసుకుని వెంకటేశ్వరస్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

అంతలో సైరను ఆగిపోయింది. ఇంజను చప్పుడు మారింది. నున్నటి హైవే మీద పోతున్న బండి ఒక్కసారిగా గతుకుల్లో పడ్డట్టు దడదడలాడింది. బండి చరణ్‌తేజ మాట్లాడిందే, డ్రైవరూ అతని మనిషే. ఇక ఆ ఆంబులెన్స్ టోల్‌గేటు దాకా రాదని ముగ్గురికీ అర్థమైంది. ఫోను ఎవరో చేతిలోకి తీసుకున్నారు.

"మేడమ్," అన్నాడు చరణ్‌తేజ. ఇందాక ఎంత మెత్తగా మాట్లాడాడో ఇప్పుడూ అంతే. "మీ పిన్నీసు నా జేబులో ఉండిపోయిందండీ."

తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఆ నంబరు మోగలేదు.